తెరపై తిప్పిన రంగును చీర రంగుగా అమ్మకండి

మన ఉమ్మడి నల్లగొండ జిల్లా ఇక్కత్ చీరలను ఆన్‌లైన్‌లో అమ్మేవారిలో కొందరు ఒక్క ఎర్ర చీరను ఫొటో తీసి, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లయిన ఫోటోషాప్‌లోనో గింప్‌లోనో దాని రంగు తిప్పి, అదే చీర ఆకుపచ్చలో, నీలంలో, వంగపండు రంగులో కూడా తమ వద్ద సిద్ధంగా ఉన్నట్టు పెడుతున్నారు. ఆర్డరు వచ్చాక ఆ బొమ్మను నేతన్న ముందు పెట్టి, అచ్చం ఇదే రంగు కావాలని పట్టుబడుతున్నారు. ఇది కొనేవారికీ, నేసేవారికీ జరుగుతున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సాఫ్ట్‌వేర్‌లో రంగులన్నీ 360 డిగ్రీల చక్రంపై ఉంటాయి. ఎరుపు 0 దగ్గర, పసుపు 60, ఆకుపచ్చ 120, నీలం 240 దగ్గర ఉంటాయి కనుక, ఎరుపును 120 డిగ్రీలు జరిపితే ఆకుపచ్చ అవుతుంది. మొత్తం బొమ్మను జరిపితే చీర కట్టుకున్న అమ్మాయి ముఖం కూడా పచ్చబడుతుంది కాబట్టి ఎరుపు శ్రేణిని మాత్రమే ఎంచుకుంటారు. ఫోటోషాప్‌లో ఆ శ్రేణి మామూలుగా 345 నుంచి 15 డిగ్రీల వరకు పూర్తిగా పనిచేసి, రెండు వైపులా మరో 30 డిగ్రీల మేర క్రమంగా తగ్గుతుంది. మన చర్మపు ఛాయ చాలావరకు ఆ తగ్గే భాగంలోనే పడుతుంది. అందుకే మాస్క్ వేయకుండా, అంటే చీర భాగాన్ని మాత్రమే విడిగా ఎంచుకోకుండా చేసిన ఫొటోల్లో చేతులు, మెడ రోగిష్టి రంగుకు తిరిగి కనిపిస్తాయి.

ఇక్కత్‌కు వచ్చేసరికి చిక్కు ఇంకా పెద్దది. ఆసు పోసిన (చట్రంపై వరుసగా చుట్టిన) నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి మరో రంగులో ముంచిన తర్వాతే అది మగ్గం ఎక్కుతుంది. ముడి అంచున రంగు కొద్దిగా పాకడం వల్ల పువ్వు అంచులు మెత్తగా, కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఆ చీర అందమంతా అక్కడే ఉంది. ఎరుపు, పసుపు కలిసే ఆ అంచు నారింజ శ్రేణిలో పడుతుంది కనుక ఎరుపును నీలానికి తిప్పినప్పుడు అది సగమే తిరిగి, ఏ అద్దకంలోనూ పుట్టని మురికి గీతగా మిగులుతుంది. పైగా జేపెగ్ ఫొటో ఫైళ్లలో రంగు సమాచారాన్ని వెలుగు సమాచారం కన్నా తక్కువ వివరంతో దాచడం మామూలు కాబట్టి ఆ గీత గళ్లుగళ్లుగా పగులుతుంది.

పుట్టపాకలో ఎరుపు, తెలుపు, నలుపు రంగుల్లో నేసే ఇక్కత్ వస్త్రం తేలియా రుమాల్‌ను తీసుకోండి. తెలుపు, నలుపులకు చక్రంపై స్థానమే లేదు కాబట్టి అవి కదలవు. ఎరుపు మాత్రం నిమిషంలో నీలమైపోతుంది. చూడటానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది కనుక అదే ఎక్కువ మోసం చేస్తుంది. నూనె పట్టించి సిద్ధం చేసిన నూలుపై ఆ ఎరుపును తేవడానికి పడే శ్రమ తెరపై రంగు జరిపే స్లైడరుకు తెలియదు. నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు మరో రంగుగా నేసిన నెమలికంఠం చీరలో ఒక శ్రేణిని మాత్రమే జరిపితే ఆ రెండు రంగులూ కలిసి ఇచ్చే మెరుపే చచ్చిపోతుంది.

నేను ఈ పనిముట్టును వద్దనడం లేదు. మొబైల్ కెమెరా చీర ఎరుపును కాస్త నారింజగా చూపితే, ముందు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే అమరిక) సరిచేసి, పగటి వెలుతురులో చీరను పక్కన పెట్టుకుని, ఆ శ్రేణిని నాలుగైదు డిగ్రీలు జరపడం నిజాయితీ గల పని. అద్దకానికి ముందు తెరపై పది రంగులు మార్చి చూసుకోవడం నేతన్నకు కూడా మేలే. అలాంటి బొమ్మ కింద ‘ఇది నమూనా, చీర ఇంకా నేయలేదు’ అని స్పష్టంగా రాసి, నేయడానికి ఎన్నాళ్లు పడుతుందో నేతన్ననే అడిగి, ఆ గడువు చెప్పి ఆర్డరు తీసుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు.