ఇంట్లో ఫోన్ ఉంది, పిల్లాడి చేతిలో లేదు

శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే తల్లి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది. కొడుకు హోంవర్క్ మాత్రం నాలుగున్నరకే క్లాసు వాట్సాప్ గ్రూపులో పడిపోతుంది. కరోనా రోజుల్లో తప్పనిసరై మొదలైన ఈ అలవాటును బడులు తెరిచాక కూడా చాలాచోట్ల వదల్లేదు. వాడు రాత్రి తొమ్మిదికి ఫోన్ అందుకుని, నిద్రమత్తులో ఫొటో చూసి లెక్కలు ఎక్కించుకుంటాడు. దాన్నే మనం డిజిటల్ చదువు అంటున్నాం.

పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే (2024) ప్రకారం మన దేశపు పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతం వాటిలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోన్ వాడటం తెలిసిన 14 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందుకే పాఠాల కోసం బడికి ‘ఎవరి ఫోన్ వాళ్లు తెచ్చుకోండి’ అనే పద్ధతిని నేను ఒప్పుకోను. ఆ మాటతో క్లాసులో ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని గీత పడిపోతుంది. నాన్న చెన్నైకి వలస వెళ్తూ ఫోన్ పట్టుకుపోయిన పిల్ల ఏం తెచ్చుకుంటుంది?

అలాగని ఫోన్‌ను గేటు బయటే ఆపేయమనడం లేదు. మందస వైపు ఒక హైస్కూల్లో లోలకం పాఠం చూశాను. వేపకొమ్మకి మీటరు పురికొస, దాని చివర రాయి. నాలుగు జట్లు, నాలుగే ఫోన్లు. ఇరవై ఊపులకి మూడు జట్లకు దగ్గరదగ్గరగా నలభై సెకన్లు వచ్చింది. నాలుగో జట్టుకు ముప్పై ఎనిమిదే. ‘మాది తప్పేటి మేడం?’ అని పిల్లలు గొడవ. ఆవిడ జవాబు చెప్పకుండా వాళ్లు తీసిన వీడియోనే నెమ్మదిగా తిప్పి చూపించారు. రాయి వదిలినప్పుడే ‘ఒకటి’ అనేశారు. అంటే వాళ్లు లెక్కపెట్టింది పంతొమ్మిది ఊపులు. ఆ తప్పు పట్టుకున్న పిల్ల ముఖం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. నాలుగు వీడియో పాఠాలు చూపించినా ఆ సంతోషం రాదు.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్ లేకపోయినా నడిచేవి. తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటే లేని ఊళ్లున్న జిల్లా ఇది, ఇక్కడ అది చిన్న మేలు కాదు. లోటల్లా ఒక్కటే. పిల్లాడికి చూడటమే పనిగా పెట్టాం. కొలవడం, రికార్డు చేయడం, తను చదివింది తనే విని తప్పు దిద్దుకోవడం, ఇవేవీ పెట్టలేదు.

టీచర్లను అడిగితే మాత్రం అసలు టెన్షన్ వేరే చెబుతారు. తెచ్చిన ఫోన్ పగిలితే ఎవరిది బాధ్యత? కూలి చేసుకునే ఇంట్లో స్క్రీన్ మార్పించడమంటే కొన్ని రోజుల సంపాదన పోయినట్టే. ఆ ఖర్చు బడే భరిస్తుందని పేరెంట్స్ కమిటీ ముందే రాసివ్వాలి. జట్టుకొక ఫోన్ చాలు. అది ఎవరిదన్నది క్లాసులో మాటకే రాకూడదు. పీరియడ్ అయ్యాక హెడ్మాస్టరు బీరువాలో పెట్టి, ఇంటిబెల్లు కొట్టాక తిరిగి ఇచ్చేయాలి. హోంవర్క్ బెల్లుకు ముందే బోర్డు మీద రాయాలి. ఫోన్‌తో ఇంట్లో చేయాల్సిన పని ఏదైనా ఉంటే వారం గడువివ్వాలి, ఆ తల్లికి సెలవు దొరికే రోజు అందులో ఒకటైనా ఉండేలా.