సవరణ: తుపాకి అమ్మకం గురించి నేను రాసింది తప్పు

తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకిని ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా అని పలమనేరు నుంచి ఒకరు అడిగితే, మొన్నటి పోస్టులో ఇలా రాశాను: "కొనేవాళ్లకు లైసెన్సు ఉంటే చాలు. ఫోన్‌పేలో డబ్బు వేయించుకుని పార్శిల్ పంపేయండి." అది తప్పు. చట్టం చూడకుండా రాశాను, నాదే పొరపాటు.

1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం, సొంతానికి లైసెన్సుతో ఉంచుకున్న తుపాకిని లైసెన్సున్న మరొకరికి అమ్మవచ్చు. కానీ ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే మన కలెక్టర్‌కు, లేదా దగ్గరి పోలీస్ స్టేషన్ అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. అందులో కొనేవారి పేరు, చిరునామా ఉండాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. అంతవరకు తుపాకి చేయి మారకూడదు. డబ్బు ముందే ముట్టినా సరే, ఆ గడువు తగ్గదు. అందుకే అడ్వాన్సు కూడా తీసుకోవద్దని నా సలహా. తుపాకిని చీరల పెట్టెలా కొరియర్‌లో వేయడం అసలు కుదరదు, ఆయుధాల రవాణాకు నియమాలు వేరు.

ఇంకొకటి. తాత పేరున్న లైసెన్సు మనవడికి దానంతట అదే రాదు. తుపాకి మీది నంబరు, లైసెన్సు పుస్తకంలోని నంబరు పక్కపక్కన పెట్టి చూసుకోండి. 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక్కరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు కూడా.

పాత పోస్టు తీసేశాను. షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.