గాజు బీరువాలోని జెడ్‌ఎఫ్ దొరగారికి

మహారాజశ్రీ నైకాన్ జెడ్‌ఎఫ్ కెమెరా దొరగారి సముఖమునకు, కడప నుంచి ఒక పాత నైకాన్ డీ7200 కెమెరా యజమాని నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారం. కానీ కుశలం తమరొక్కరికే ఉంది. నేను నిన్న రాత్రి ఒకటిన్నరకు బస్సు దిగినాను. నా నడుము మాత్రం ఇంకా రాయచోటి దగ్గరే ఉంది.

తమరి దర్శనం కోసం శుక్రవారం రాత్రి బస్సెక్కి, మదనపల్లె మీదుగా తెల్లారేసరికి బెంగళూరులో దిగినాను. అంగడి తెరిచేదాకా మూడు కాఫీలు తాగినాను. షట్టరు లేచిన నిమిషానికి లోపల ఉన్నాను. అంగడి షట్టరు సంగతి చెప్తున్నా, తమరిది కాదు. తమరి షట్టరు లేచే భాగ్యం నాకు కలగలేదు, ఆ కథకే వస్తున్నా.

ఫోన్లో ముందే మాట్లాడుకున్నాం. ఒకసారి కాదు, మూడుసార్లు. "డెమో పీసు ఉంది సార్, శనివారం రండి, మీకు తృప్తి అయ్యేదాకా చూసుకోండి" అన్నారు. అబద్ధమేమీ లేదు, తమరు ఉన్నారు. గాజు బీరువాలో, పైన లైటు పెట్టి, అమ్మవారికి అలంకారం చేసినట్టు కూచోబెట్టినారు. తీసి నా చేతిలో పెట్టినారు. స్విచ్చి తిప్పినాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"బ్యాటరీ ఛార్జింగులో ఉంది సార్, పది నిమిషాలు."

ఆ పది నిమిషాలు పదకొండున్నరకు మొదలైనాయి. ఒంటిగంటకు కుర్రవాడు భోజనానికి పోయినాడు. రెండుకు ఇంకో కుర్రవాడొచ్చి "ఏం కావాలి సార్?" అని మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాడు. మూడు గంటలకు తేలిందేమంటే, తమరి బ్యాటరీ పోయిన ఆదివారమే వాళ్ళ ఇంకో బ్రాంచికి పోయి అక్కడే స్థిరపడిపోయింది. కొత్త డబ్బా తెరిచి అందులోది ఇయ్యడానికి లేదు, సీలు పోతుంది. అదీ న్యాయమే. ధరల పట్టీలో "బాడీ ఓన్లీ" అని రాస్తే లెన్సు లేకుండా అమ్ముతారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పెద్దాసుపత్రి దగ్గర "బాడీ ఎప్పుడిస్తారు" అని అడిగే అర్థంలో రాస్తారని నిన్ననే తెలిసింది.

మూడున్నర గంటలు తమరి బాడీకి నేనొక్కడినే కాపలా.

నా కోరికేమన్నా గొంతెమ్మ కోరికా, తమరే చెప్పండి. ఊరూరా రాములోరి పెండ్లి పగలు జరిగితే మా ఒంటిమిట్ట కోదండరాముడికి రాత్రి, వెన్నెల్లో జరుగుతుంది. ఆ రాత్రి చీకట్లో వెలుతురు చాలక నా డీ7200 సున్నితత్వాన్ని, అదే ఐఎస్‌ఓను, 6400కు ఎక్కిస్తే సీతమ్మ చీర మీద జరీకి బదులు సజ్జపిండి పడుతుంది. బొమ్మ పడే తమరి సెన్సరు 36 బై 24 మిల్లీమీటర్లు, పాత ఫిల్ము గడి ఎంతో అంత. నాదానికంటే వైశాల్యం రెండింతలకు పైమాటే. ఐఎస్‌ఓ 64000 దాకా పోతారంట. అంత అక్కర్లేదు, అందులో అయిదో వంతు ఇచ్చినా ఆ చీర జరీ నాకు దక్కుతుంది. ఇదంతా ఇంట్లో వివరంగా చెప్పినాను. మా ఆవిడ రెండు డబ్బాల మీది అంకెలు పక్కపక్కన పెట్టి చూసింది. "ఉన్నదాంట్లో 24 మెగాపిక్సెల్లు, కొనబోయేదాంట్లో 24న్నర. ఆ అరకు 1,76,995 రూపాయలా?" అంది. తమరు 2023లో ఈ దేశంలో అడుగుపెట్టినప్పటి ధర అది, లెన్సు లేకుండా. జవాబు ఇంకా వెతుకుతున్నాను.

పదకొండు నెలలుగా తమరిని ఆన్‌లైను అంగడి బుట్టలో వేస్తున్నా, తీస్తున్నా. వీడియోలు చేసే మహానుభావులందరూ తమరికి "ఆత్మ ఉంది" అంటున్నారు. ఉండొచ్చు. ఆత్మకు బ్యాటరీ వేరే పెట్టాలని ఒక్కరూ చెప్పలేదు.

చిన్నాచితకా ఫిర్యాదులు తొందరగా ముగిస్తా. రెండో కార్డుకు మైక్రో ఎస్‌డీ గుంత, అదీ అడుగున బ్యాటరీ పక్కన. నువ్వుగింజంత కార్డును పెండ్లి పందిట్లో ఎవరు వెతకాల? బ్యాటరీ, కార్డు కలుపుకొని 710 గ్రాముల బరువుండీ ముందువైపు పట్టుకోడానికి ఉన్నది పేరుకొక చిన్న గుబ్బే. మే నెలలో కడపలో అరచెయ్యి ఎట్లుంటుందో జపానులో ఎవరికీ తెలిసినట్టు లేదు. గ్రిప్పు కావాలంటే విడిగా కొనుక్కోవాలంట, పెండ్లికొడుకును చూపించి చెప్పులకు వేరే లెక్క రాసినట్టు.

ఇవన్నీ మింగుతాను. ఆ కిటికీ మాత్రం మింగుడుపడటం లేదు.

మూడున్నర గంటల్లో నేను చేసిందల్లా తమరి డయళ్ళు తిప్పడమే. ఎడమచేతి పక్క ఐఎస్‌ఓ. కుడి పక్క షట్టరు స్పీడు. దాని పక్కన ఎక్స్‌పోజరు, అంటే బొమ్మ వెలుగు, హెచ్చుతగ్గులది. ఇత్తడి డయళ్ళు, చెక్కిన అంకెలు, ఒక్కో గడికీ వేలికి తగిలే చిన్న టిక్కు. ఒప్పుకుంటా, ఆ టిక్కు బాగుంది. మా అవ్వ తమలపాకుల డబ్బా మూత పడే చప్పుడు గుర్తొచ్చింది. తిప్పుతా తిప్పుతా ఎడమచెయ్యి దానంతటదే లెన్సు మొదట్లోకి పోయింది. అపర్చరు రింగు తిప్పుదామని, లెన్సులోకి వెలుతురు వచ్చే కంతను పెంచి తగ్గించేది.

అక్కడేమీ లేదు.

షట్టరు బొత్తాం దగ్గర్లో బియ్యపుగింజంత కిటికీ ఒకటి ఉంది. అపర్చరు ఎంతో అందులో అంకె కనపడుతుందంట. మార్చాలంటే బొటనవేలితోనో చూపుడువేలితోనో మామూలు చక్రం తిప్పాలంట, నా డీ7200కి తిప్పినట్టే. సరే, ఆ అంకైనా చూద్దామంటే బ్యాటరీ లేదు. కిటికీ చీకటి. మూసేసిన పోస్టాఫీసు కౌంటరులోకి తొంగిచూసినట్టు దాంట్లోకి ఎంతసేపు చూసినానో, కుర్రవాడొచ్చి "కంట్లో ఏమన్నా పడిందా సార్?" అన్నాడు.

దొరగారూ, మర్యాద ఇక్కడికి చాలు.

నువ్వు ఎవరి పోలికలు పెట్టుకొని పుట్టినావో మాకు తెలుసు. 1982లో వచ్చిన మీ నైకాన్ ఫిల్ము కెమెరా ఎఫ్‌ఎం2వి. ఆ నెత్తి, ఆ భుజాలు, ఆ అక్షరాలు, అన్నీ దానివే. ఆ ఎఫ్‌ఎం2 మా చిన్నాయన దగ్గర ఉండేది. కువైటుకు పోయొచ్చిన రాజంపేట ఆయన దగ్గర కొన్నాడు. ప్రొద్దుటూరులో ఇరవై ఏండ్లు పెండ్లిళ్ళన్నీ దాంతోనే తీసినాడు. ఆయన ఎడమచెయ్యి ఎప్పుడూ లెన్సు కిందే ఉండేది. పందిట్లోంచి ఎండలోకి వస్తా, ఎవరితోనో మాట్లాడతానే, కెమెరా కేసి చూడకుండా టిక్కు టిక్కు టిక్కు మని రింగు తిప్పుకునేవాడు. "ఎండకు పదహారురా" అని నాకు పాఠం. ఎండ బాగుంటే అపర్చరు పదహారు పెట్టు, షట్టరు స్పీడు ఫిల్ము వేగమెంతో అంత పెట్టు, వెలుతురు కొలిచే మీటరు చూడాల్సిన పనిలేదు. "మన ప్రొద్దుటూరు ఎండకు ఇంకో అర తగిలించు" అనేవాడు. పక్కన ఫ్లాషు పట్టుకొని నిలబడిన పదేండ్ల పిల్లోణ్ణి, ఆ చెయ్యి చూస్తానే పెరిగినాను.

ఆ చెయ్యి నాకు అమ్ముతానని చెప్పి పిలిపించుకొని, తీరా వస్తే ఆ చెయ్యి పెట్టే జాగానే తీసేసినావు. రోలు తెచ్చి పొత్రం మరిచిపోయినట్టు. మూడు డయళ్ళు పెట్టినోడికి నాలుగోది బరువైందా? నీ కొత్త లెన్సులకు అపర్చరు రింగు లేదంటారు. లేకుంటే పెట్టాల! పాత వేషం కట్టేది నువ్వా, నేనా?

పోనీ ఉన్న డయళ్ళన్నా మాట మీద నిలబడతాయా? అపర్చరు మనం పెట్టి మిగతాది నీకొదిలేసే మోడులో పెడితే, నెత్తి మీద షట్టరు డయలు 125 చూపిస్తానే ఉంటుంది, లోపల నువ్వు రెండు వేలో, నాలుగు వేలో నీ ఇష్టం వచ్చింది కొట్టుకుంటావు. ఊర్లో సర్పంచి గద్దె మీద ఆమె, పెత్తనం మొగుడిది. ఆ డయలు ఆమె. సంతకానికి తప్ప పనికి రాదు.

ఇదేందని పెద్దలను అడిగితే దారులు చూపిస్తారు. వోయిగ్‌లాండర్ వాళ్ళు నీ మౌంటుకు, అదే లెన్సు తగిలించే నీ మూతికి, రింగున్న లెన్సులు చేస్తారంట. ఫోకసు మనమే తిప్పుకోవాల, డబ్బులు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకోవాల. చిన్నాయన పాత 50 లెన్సుంది కదా, అది తగిలిద్దామంటే పాత లెన్సును నీకు కలిపే ఎఫ్‌టీజెడ్ అడాప్టరు కొనాల. మీ పెద్దన్న డీఎఫ్, 2013లో పుట్టినోడు, లావుగా ఉన్నా పాత లెన్సులను నేరుగా ఒళ్ళో కూచోబెట్టుకునేవాడు. నువ్వు మధ్యవర్తి లేందే మాట్లాడవు. పోనీ ఫ్యూజీ ఇంటికి పోదామంటే, వాళ్ళ ఎక్స్‌టీ5 కెమెరాకు దొరికే లెన్సుల్లో చానా వాటికి రింగుంది, డయళ్ళున్నాయి, సెన్సరు మాత్రం నా పాతదాని కొలతే. రింగున్నోడికి సెన్సరు చిన్నది, సెన్సరున్నోడికి రింగు లేదు. మా పెద్దమ్మ ముప్ఫై ఏండ్లుగా కుదిర్చే పెండ్లి సంబంధాలన్నీ ఈ తీరే. రెండూ ఉన్న లైకా ఒకటుంది, దాని ధర వినడానికే కంతులు కట్టాల.

ఈ కోపమంతా మూటగట్టుకొని పొద్దున్నే చిన్నాయన ఇంటికి పోయినాను. ఇప్పుడు కడపలోనే కొడుకు దగ్గర ఉంటాడు. ఒక కంటికి శుక్లం తీసినారు, ఇంకో కన్ను వచ్చే నెల. నీ కథంతా చెప్పినాను. అంతా విని ఒక్క మాట అడిగినాడు.

"బ్యాటరీ లేకుంటే కొట్టనే కొట్టదా?"

బీరువాలోంచి పాత పంచె మూట తీసినాడు. ఎఫ్‌ఎం2. అందులో సెల్లులు తీసేసి పదిహేనేండ్లయిందంట. ఆ రెండు బిళ్ళలూ మీటరుకే, మిగతాదంతా స్ప్రింగులు, పండ్ల చక్రాలు. లీవరు లాగినాడు, నొక్కినాడు. టప్. 1982లోనే సెకండులో నాలుగు వేలో వంతుకు కొట్టిన షట్టరు, లోపల ఒక్క చుక్క కరెంటు లేకుండా, ఆదివారం పొద్దున ఏడు గంటలకు.

నాకు గొంతు పట్టేసింది. "చూసినావా చిన్నాయనా, ఇదీ కెమెరా అంటే! ఆ రింగు..." అని ఇంకా ఏందో మొదలుపెట్టబోయినాను.

"రింగు పాడుగాను" అన్నాడు. "తాళి కట్టేటప్పుడు ఒక్క టిక్కు తప్పు తిప్పితే ఆడపెండ్లివాళ్ళు నిన్ను తంతారా, నన్ను తంతారా? ముప్ఫై ఆరు బొమ్మలు, ఒక్కోటి గుండె చేత్తో పట్టుకొని కొట్టిన. మీ కాలం మాదిరి దానంతటదే చూసుకునేది దొరికింటే, నేను కూడా పెండ్లి భోజనం వేడిగా ఉన్నప్పుడే తినిందును. ఈడ ఫిల్ము కడిగేటోడు యాడుండాడు? ఒంటిమిట్ట చీకట్లో దీంతో ఏం పీకుతావు?"

ఏమీ పీకలేనని తెలుసు. అందుకే కదరా బస్సెక్కింది!

కాఫీ వచ్చింది. చిన్నాయన ఎఫ్‌ఎం2ను మళ్ళీ పంచెలో చుడతా చుడతా, ఊరికే మాట మీద మాటగా, "అయినా ఏం బ్యాటరీరా అది? నీ పాతదానిది పట్టదా?" అన్నాడు.

నవ్వినాను. పాపం పెద్దాయన, ఒక్కో కంపెనీ ఒక్కో మోడలుకు ఒక్కో బ్యాటరీ చేస్తాదని ఆయనకేం తెలుసు? అది చూపిద్దామనే సంచి తెరిచినాను. బెంగళూరుకు తీసుకపోయిన సంచే అది, ఇంకా విప్పలేదు. రెండింటితో ఒకే బొమ్మ కొట్టి పోల్చి చూద్దామని డీ7200ని వెంట తీసుకపోయింటి. దాని అడుగు మూత తీసి బ్యాటరీ బయటికి లాగినాను. ఈఎన్-ఈఎల్15.

ఫోన్లో నీ వివరాలు తీసినాను. పదకొండు నెలల్లో రెండు వందల సార్లు చదివింటా. ఈఎన్-ఈఎల్15సీ. దాని కింద, చిన్న అక్షరాల్లో, పాత 15 కూడా పనిచేస్తుంది, బొమ్మలు కొంచెం తక్కువ రావచ్చు, అని.

నిండా ఛార్జింగుతో. మూడున్నర గంటలు. నా కాళ్ళ దగ్గరే.

చిన్నాయన నవ్వుతానే ఉన్నాడు. కంటి డాక్టరు గట్టిగా దగ్గొద్దు, తుమ్మొద్దు అన్నాడు గానీ నవ్వు సంగతి చెప్పలేదంట.

వచ్చే శుక్రవారం బస్సుకు సీటు చూస్తున్నా. కొంటానని ఆశ పెట్టుకోవద్దు. నా బ్యాటరీ వేసి, ఆ కిటికీలో దీపం వెలిగించి, లోపల అంకె చూసి, నాలుగు తిట్టి వస్తా. అందాకా ఎవరికీ అమ్ముడుపోకు.

ఇట్లు,
తమ విధేయుడు,
కడప