గుమ్మం బయటి నుంచి పీజీఏ గారికి

మహారాజశ్రీ అమెరికా పీజీఏ (వృత్తి గోల్ఫర్ల సంఘం) గారికి,

ఉభయకుశలోపరి. ఈ ఉత్తరం మీ చేతికే అందుతుందన్న నమ్మకం నాకు లేదు. పీజీఏ అనగానే అందరి చూపూ పేరున్న ఆటగాళ్ల పోటీలు నడిపే మరో సంస్థ, పీజీఏ టూర్ వైపే పోతుంది. వారం వారం టీవీలో కనిపించేదీ, కోట్ల డాలర్ల బహుమతులు పంచేదీ వారు. క్లబ్బుల్లో ఆట నేర్పుతూ, సామాను దుకాణం చూసుకుంటూ, పెద్దమనుషుల వంకర స్వింగును ఓపికగా సరిచేసే సుమారు ముప్పై వేల మంది సంఘం మీరు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ పేరు మీది, సొమ్మూ సోకూ రెండూ వారివి.

మీ పుట్టుక నాకు ముచ్చటగానే ఉంటుంది. 1916 జనవరి 17న న్యూయార్క్‌లోని మార్టినిక్ హోటల్‌లో రాడ్‌మన్ వానమేకర్ అనే పెద్ద దుకాణాల ఆసామి గోల్ఫ్ వృత్తిదారులను భోజనానికి పిలిచాడు. ఏప్రిల్ 10కల్లా 35 మంది సభ్యులతో మీరు వెలిశారు. బంతులూ కర్రలూ అమ్ముడుపోవాలంటే వాటిని ఆడి చూపించేవాడికి కాస్త మర్యాద ఉండాలని వ్యాపారికి తోచి ఉంటుంది. అప్పటికి ఆ మర్యాద లేదు మరి. సభ్యులకు ఆట నేర్పే ప్రో, అంటే వృత్తి గోల్ఫరు, ఆ సభ్యుల క్లబ్‌హౌస్ గుమ్మం తొక్కకూడదు. 1920లో టొలీడోలోని ఇన్వర్నెస్ క్లబ్ యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ సందర్భంగా ప్రోలను లోపలికి రానిచ్చిందని, వాళ్లంతా చందాలు వేసుకుని ఆ క్లబ్‌కు నిలువెత్తు గడియారం కానుకగా ఇచ్చారు. తలుపు తీసినందుకే అంత కృతజ్ఞత!

ఆ గడియారం పద్నాలుగేళ్లు తిరిగేసరికి మీకు సొంత తలుపు సమకూరింది. వెంటనే తాళం కొన్నారు. 1934లో, సభ్యత్వం తెల్లజాతి వారికే అని నిబంధనల్లో రాసుకున్నారు. గుమ్మం బయట నిలబడటం ఎలా ఉంటుందో మీకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ అనుభవమంతా గడియ బిగించడానికి ఇంత చక్కగా పనికొస్తుందని నేను ఊహించలేదు.

1948లో నల్లజాతి గోల్ఫర్లు బిల్ స్పిల్లర్, టెడ్ రోడ్స్ కోర్టుకు వెళ్లారు. తర్వాత కాలిఫోర్నియా అటార్నీ జనరల్ స్టాన్లీ మాస్క్, ఈ నిబంధన ఉన్నంతకాలం మా రాష్ట్రంలో మీ ఆట సాగదని పట్టుబట్టాడు. మీరు ఏటా నడిపే పీజీఏ ఛాంపియన్‌షిప్ 1962లో అదే రాష్ట్రంలోని లాస్ ఏంజెలెస్‌లో జరగాలి. అప్పుడు మీరు చూపిన సమయస్ఫూర్తి చిరస్మరణీయం. నిబంధనను కదపడం కంటే పోటీని కదపడం తేలిక అనుకుని, దాన్ని దేశం ఆ చివరనున్న పెన్సిల్వేనియాకు, ఆరోనిమింక్ క్లబ్‌కు మోసుకుపోయారు. చివరికి 1961 నవంబరులో ఆ వాక్యాన్ని కొట్టేశారు. అప్పటికి మరో నల్లజాతి గోల్ఫరు చార్లీ సిఫోర్డ్‌కు 39 ఏళ్లు. ఆటగాడికి చేవ ఉండే వయసంతా బయటే గడిచిపోయింది. అయినా 1967లో హార్ట్‌ఫర్డ్‌లో, 1969లో లాస్ ఏంజెలెస్‌లో గెలిచాడు. స్పిల్లర్‌కు, రోడ్స్‌కు, వారికంటే ముందుతరం వాడైన జాన్ షిప్పెన్‌కు 2009లో మీరు సభ్యత్వం ఇచ్చారు. ముగ్గురూ అప్పటికే పోయారు. వార్షిక చందా అడగలేదనుకుంటాను.

మనుషులను బయట నిలపడంలో చూపిన జాగ్రత్త వస్తువుల మీద ఉంటే బాగుండేది. మీ ఛాంపియన్‌షిప్ విజేతకిచ్చే వానమేకర్ కప్పు 28 అంగుళాల ఎత్తు, 12 కిలోల బరువు. జేబులోంచి జారిపడే వస్తువు కాదు. 1925లో గెలిచిన వాల్టర్ హేగెన్ దాన్ని ఓ టాక్సీ డ్రైవరుకు అప్పగించి హోటల్‌లో దించమన్నాడని కథ. మరుసటి ఏడాది కప్పు ఏదని అడిగితే, ఎలాగూ నేనే గెలుస్తాను, మోసుకురావడం ఎందుకన్నాడట. అన్నంత పనీ చేశాడు. 1927లోనూ గెలిచాడు. 1928లో లియో డీగెల్ నెగ్గి కప్పు కోసం చెయ్యి చాచేదాకా సంగతి బయటపడలేదు. 1930లో డెట్రాయిట్‌లో, హేగెన్ పేరిట గోల్ఫ్ కర్రలు చేసే కంపెనీ నేలమాళిగలో, ఓ పెట్టెలో దొరికింది. కప్పు పోయిందని మూడేళ్లపాటు మీకు తెలియనే తెలియదు!

1968లో టీవీ డబ్బు మీద పెత్తనం ఎవరిదన్న తగాదాలో నిక్లాస్, పామర్ లాంటి మహామహులైన ఆటగాళ్లు వేరుకాపురం పెట్టారు. రాజీ కుదిరి వాళ్లు మీలోనే ఓ విభాగంగా ఉన్నా మనసులు కలవలేదు. 1975లో ఆ విభాగం పీజీఏ టూర్ అయింది. అంటే ఇల్లు విడిచి వెళుతూ ఇంటిపేరు కూడా పట్టుకుపోయారు. గోడ మీద ఫొటో మీకు మిగిలింది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. మీ ఛాంపియన్‌షిప్‌లో ఇప్పటికీ ఇరవై చోట్లు పాఠాలు చెప్పే ప్రోలకు ఉంచుతారు. 2023లో ఓక్ హిల్ క్లబ్‌లో ఆ పోటీ చివరి రోజు, 46 ఏళ్ల క్లబ్ ప్రో మైఖేల్ బ్లాక్ మేటి ఆటగాడు రోరీ మెక్‌ల్రాయ్ పక్కన నడుస్తున్నాడు. పదిహేనో హోల్‌లో కొట్టిన బంతి నేల తాకకుండా నేరుగా గుంటలో పడింది. ఏమైందో అతనికి కనిపించలేదు. లోపల పడిందా అని రోరీనే అడిగాడు. ఆ ఒక్క క్షణానికి మీ తప్పులు సగం మాఫీ చేశాను.

మిగతా సగం 2025 రైడర్ కప్‌కు, అంటే అమెరికా, యూరప్ జట్ల పోటీకి, వాయిదా వేసుకున్నాను. అది జరిగిన న్యూయార్క్‌లోని బెత్‌పేజ్‌లో ఒక్కరోజు టికెట్టు సుమారు 750 డాలర్లు. ప్రభుత్వ మైదానం, ఎవరైనా ఆడుకోవచ్చని కట్టింది. మీ 35 మంది తాతలు ఇప్పుడొస్తే మళ్లీ గుమ్మం బయటే.

జవాబు రాస్తే కవరు మీద మీ కొత్త చిరునామా, టెక్సస్‌లోని ఫ్రిస్కో, స్పష్టంగా రాయండి. ఒకవేళ ఈ ఉత్తరం టూర్ వారికి చేరితే చించవద్దని, మీకు తిప్పి పంపమని వేరే చీటీ జతచేశాను. 

ఇట్లు,
గుమ్మం బయటి నుంచి చూసేవాడు