టాంప్కిన్స్ పటగోనియాను కబ్జా చేశాడా?

అమెరికా నుంచి వలస వచ్చిన ఒక బట్టల వ్యాపారి, పర్యావరణం పేరు చెప్పి దక్షిణ అమెరికాలో లక్షల ఎకరాలు కాజేశాడని ఒక సందేశం గ్రూపుల్లో తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. ఆ మనిషి పేరు డగ్లస్ టాంప్కిన్స్. సందేశంలో ఉన్న ఆరోపణలు ఇవి: చిలీ దేశాన్ని రెండు ముక్కలు చేసేలా భూమి కొన్నాడు, అసలు గురి అక్కడి నీళ్ల మీద, దానమంతా పన్ను తప్పించుకోవడానికే, మనుషుల కంటే చెట్లే గొప్పవనే తత్వం పట్టుకుని స్థానికులను తరిమేశాడు.

డబ్బున్నవాడు ఎక్కడినుంచో వచ్చి అడవి కొన్నాడంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. రావాలి కూడా. సెజ్‌లనీ ప్రాజెక్టులనీ భూములు పోగొట్టుకున్న ఊళ్లు మన దగ్గర ఎన్ని లేవు? నాకూ మొదట అలాగే అనిపించింది. ఆ భూమి చివరికి ఎవరి పేరు మీదికి వెళ్లిందో చూశాక నా అభిప్రాయం మారింది.

ఆయన 1943లో ఒహాయోలో పుట్టాడు. హైస్కూల్ కూడా పూర్తి చేయలేదు. మొదటి భార్య సూజీతో కలిసి 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొండలెక్కేవాళ్ల సామాను అమ్మే దుకాణం తెరిచాడు. అదే ద నార్త్ ఫేస్. దాన్ని తొందరగానే అమ్మేసి, 1968లో స్నేహితులతో కాలిఫోర్నియా నుంచి వ్యాన్‌లో దక్షిణ అమెరికా దక్షిణ కొసన, చిలీ, అర్జెంటీనాల్లో పరుచుకున్న పటగోనియా దాకా వెళ్లి ఫిట్జ్ రాయ్ శిఖరం ఎక్కాడు. తర్వాత భార్యాభర్తలు పెంచిన ఎస్ప్రీ బట్టల కంపెనీ అనేక దేశాలకు పాకింది. జనానికి అక్కర్లేని సరుకు తయారుచేసి అంటగడుతున్నామనే బాధ ఆయన్ని పట్టుకుంది. అమెరికా ఎస్ప్రీలో తన వాటా అమ్మేసి, 1990లో డీప్ ఎకాలజీ ఫౌండేషన్ పెట్టాడు. 1991లో చిలీ దక్షిణాన రెన్యివే అనే ఎస్టేటు కొని అక్కడే కాపురం పెట్టాడు. రోడ్డు లేని చోటు అది. పడవలోనో చిన్న విమానంలోనో చేరుకోవాలి.

ఇక మొదటి ఆరోపణ, దేశాన్ని రెండు ముక్కలు చేశాడన్నది. దీనికి ఒక మూలం ఉంది. చిలీ సన్నటి పట్టీలాంటి దేశం. ఆయన కొన్న పుమాలిన్ భూములు కొన్నిచోట్ల అర్జెంటీనా సరిహద్దు కొండల నుంచి సముద్రపు పాయల దాకా ఉన్నాయి. మొత్తం సుమారు 2.9 లక్షల హెక్టార్లు, అంటే మన అమ్రాబాద్ పులుల అభయారణ్యం కంటే కాస్త పెద్దది. సైన్యంలోనూ రాజకీయ నాయకుల్లోనూ దీని మీద గగ్గోలు పుట్టింది. కానీ పుమాలిన్ ఏకఖండంగా లేదు. ఉత్తరం ముక్కకీ దక్షిణం ముక్కకీ మధ్య వినాయ్ అనే 34 వేల హెక్టార్ల ఎస్టేటు ఉంది. అది అప్పట్లో ఒక కాథలిక్ యూనివర్సిటీది. టాంప్కిన్స్ కొనాలని చూశాడు. ప్రభుత్వం అడ్డుపడింది. చివరికి దాన్ని ఎండెసా అనే విద్యుత్ కంపెనీ కొనుక్కుంది. 1997లో అధ్యక్షుడు ఫ్రే ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంలో, కొంతకాలం ఆ ప్రాంతంలో ఇంక భూమి కొననని ఆయన ఒప్పుకున్నాడు. దేశాన్ని కబ్జా చేసేవాడు ప్రభుత్వం ఆపితే ఆగిపోతాడా?

పట్టా ఉన్నంత మాత్రాన సార్వభౌమాధికారం రాదు. అక్కడి పోలీసులు, చట్టాలు, ఎన్నికలు అన్నీ చిలీవే. 2005లో అధ్యక్షుడు రికార్డో లాగోస్ ప్రభుత్వం పుమాలిన్‌ను ప్రకృతి అభయారణ్యంగా ప్రకటించింది. సొంత భూమి మీద ఇలాంటి ఆంక్షలు కోరి తెచ్చుకునేవాడు దాన్ని ప్లాట్లు వేసి అమ్ముకోలేడు. భూమి ఆయన చేతిలో ఉన్నప్పుడు కూడా కాలిబాటలు వేయించి జనాన్ని ఉచితంగా రానిచ్చాడు.

అణు వ్యర్థాలు పూడ్చడానికని, యూదుల దేశం కట్టడానికని కూడా చిలీలో పుకార్లు పుట్టించారు. ఆయన యూదుడే కాదు. పాతికేళ్లలో అక్కడ పూడ్చిన వ్యర్థమూ లేదు, కట్టిన దేశమూ లేదు. వీటి మీద ఇంతకంటే సమయం అనవసరం.

నీళ్ల సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నది దీన్నే. చిలీలో 1981 నీటి చట్టం ప్రకారం భూమి హక్కు వేరు, నీటి హక్కు వేరు. ఎకరం కొంటే దాని పక్కన పారే నది మీ సొంతం కాదు, నీటి హక్కును విడిగా సంపాదించాలి. పటగోనియాలోని బేకర్, పాస్కువా నదుల నీటి హక్కుల్లో పెద్ద భాగం ఎవరి చేతిలో ఉండేదో తెలుసా? వినాయ్ కొన్న ఆ ఎండెసా చేతిలోనే. దాని పెత్తనం మొదట స్పెయిన్ కంపెనీది, తర్వాత ఇటలీ కంపెనీది. ఆ రెండు నదుల మీద ఐదు డ్యాములు కట్టి 2,750 మెగావాట్ల కరెంటును దాదాపు రెండు వేల కిలోమీటర్ల లైన్‌తో ఉత్తరానికి పంపాలన్నది హిద్రోఐసేన్ పథకం. దాన్ని వ్యతిరేకించిన ఉద్యమానికి టాంప్కిన్స్ డబ్బిచ్చాడు, వెంట నిలబడ్డాడు. 2014 జూన్‌లో మంత్రుల కమిటీ ఆ పథకాన్ని తిరస్కరించింది. నీళ్లు దోచుకున్నాడని ఎవరి మీద నింద వేస్తున్నామో ఆయనే ఆ నదులను పారనివ్వమని పోరాడాడు.

అర్జెంటీనాలోని ఇబెరా చిత్తడి నేలల మీదా ఇదే కథ. అక్కడ ఆయన సుమారు లక్షన్నర హెక్టార్లు కొన్నాడు. అడుగున ఉన్న గ్వరానీ భూగర్భ జలాల కోసమేనని ప్రచారం చేశారు. ఆ జలాలు అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే నాలుగు దేశాల కింద పరుచుకుని ఉన్నాయి, ఒక మూల భూమి కొన్నంత మాత్రాన అవి ఎవరి సొంతమూ కావు. పైగా అర్జెంటీనా రాజ్యాంగం సహజ వనరులను ఆయా రాష్ట్రాలకే అప్పగించింది. ఆ భూమి ఇప్పుడు జాతీయ పార్కు, 2018లో ఏర్పడింది. ఆ ప్రాంతంలో డెబ్బై ఏళ్లుగా కనపడని జాగ్వార్‌ను 2021 జనవరిలో పిల్లలతో సహా మళ్లీ అక్కడ వదిలారు. నాకైతే అది చదివినప్పుడు కళ్లు చెమర్చాయి.

పన్ను లెక్క చిన్నది. వంద రూపాయలు దానం చేస్తే ముప్పయ్యో నలభయ్యో పన్ను తగ్గుతుందనుకోండి, మిగిలిన అరవై రూపాయలు పోయినట్టే కదా. తిరిగి తన చేతికే వచ్చేలా దానం చేస్తే మోసం అనవచ్చు. ఇక్కడ ఏం జరిగింది? 2015 డిసెంబర్ 8న, చిలీలోని జనరల్ కరేరా సరస్సులో కయాక్ అనే చిన్న తెడ్ల పడవ తిరగబడి, చన్నీళ్లలో ఒళ్లు గడ్డకట్టి ఆయన చనిపోయాడు. రెండో భార్య క్రిస్ ఆస్తి పంచుకుని వెళ్లిపోలేదు. 2017లో అధ్యక్షురాలు బాచెలెట్‌తో ఒప్పందం చేసుకుని సుమారు 10 లక్షల ఎకరాలు చిలీకి ఇచ్చేసింది. ప్రభుత్వం మరో 90 లక్షల ఎకరాల సర్కారు భూమి కలిపి కొత్త పార్కులు ఏర్పాటు చేయడానికీ, ఉన్నవాటిని పెంచడానికీ ఒప్పుకుంది. 2018 జనవరిలో ఉత్తర్వుల మీద సంతకాలయ్యాయి. 2019లో పార్కులు చిలీ అటవీ శాఖ చేతికి వెళ్లాయి. అంతకుముందే చిలీలో కొర్కొవాడో, యెందెగైయా, అర్జెంటీనాలో మోంతె లియోన్ ఇలాగే జాతీయ పార్కులయ్యాయి.

ఇక తత్వం. డీప్ ఎకాలజీ నార్వే తత్వవేత్త ఆర్నె నెస్ 1970ల మొదట్లో ఇచ్చిన పేరు. ఆయన గాంధీ మీద పుస్తకాలు రాసినవాడు. మనిషికి పనికొచ్చినా రాకపోయినా ప్రతి జీవానికీ తనదైన విలువ ఉందన్నది దాని మూలం. తప్పనిసరి అవసరాలకు మించి ప్రకృతి వైవిధ్యాన్ని తగ్గించే హక్కు మనిషికి లేదంటుంది. జనాభా తగ్గాలని కూడా అంటుంది, అది నేను దాచను. కానీ మనుషులను తరమమని అందులో ఎక్కడా లేదు.

సందేశంలో ఆలోచించాల్సిన మాట ఒక్కటుంటే అది స్థానికుల మాటే. రామచంద్ర గుహ 1989లోనే ఈ తత్వాన్ని గట్టిగా విమర్శించాడు. మనుషుల్లేని అడవి అనే అమెరికా ఊహను పేద దేశాల మీద రుద్దితే పులుల పార్కుల పేరుతో పేదలే నష్టపోతారన్నాడు. నల్లమల అడవిలో పెంటలనే చిన్న గూడేల్లో ఉండే చెంచులను అడిగితే ఆ విమర్శ ఎంత నిజమో చెబుతారు. టాంప్కిన్స్ విషయంలోనూ, సరైన పట్టాలు లేకుండా ఏళ్లుగా అక్కడ ఉంటున్న కుటుంబాలతో తగాదాలు వచ్చాయి. 2004లో చకబూకో లోయలోని పెద్ద గొర్రెల ఎస్టేటు కొని మందలు తీసేసి, వందల కిలోమీటర్ల కంచెలు పీకించినప్పుడు కాపరుల జీవనం మారిపోయింది. ప్యూమాలనే అడవి పిల్లి జాతి పెద్ద జంతువులను వేటాడే పనిలో ఉన్న ఒకతను తర్వాత వాటి జాడ తీసే ఉద్యోగంలో చేరాడు, కానీ అందరికీ అలాంటి పని దొరకదు. ఏ లోయ ఎలా ఉండాలో ఆయన తన విమానంలోంచి చూసి, తానే నిర్ణయించుకున్నాడు. ఊళ్లవాళ్లను అడగడం తర్వాతి మాట.

పుమాలిన్ మీదుగా దక్షిణానికి రోడ్డు వేయాలని అక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. అడవి చీలకుండా తీరం వెంట వేయమని టాంప్కిన్స్ వాదించాడు. ఆయన పోయినా ఆ రోడ్డు పూర్తవలేదు. అక్కడి చైతేన్ ఊరి నుంచి దేశంలోపలే ఉత్తరాన ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలన్నా మధ్యలో ఫెర్రీ ఎక్కాల్సిందే. టాంప్కిన్స్‌ను నిలదీయాలనుకునేవాళ్లు నీళ్ల కట్టుకథలు వదిలేసి ఆ ఫెర్రీ కోసం కాచుకుని ఉన్నవాళ్ల తరఫున అడగండి. ఆ సందేశమైతే నేను కూడా నలుగురికి పంపుతాను.