చేతులు కడుక్కున్నాక నాకేమనిపించింది?

ఈ మధ్య నేను చేతులు కడుక్కున్నాను. ఇదీ ఒక వార్తేనా అని మీరనవచ్చు. నర్సుగా రోజుకు ఎన్నిసార్లు కడుక్కుంటానో లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. కాకపోతే ఈసారి కడుక్కున్నది కంప్యూటర్ ముందు కూర్చుని. ఏటా తప్పనిసరిగా చేయాల్సిన 'చేతుల పరిశుభ్రత' ఆన్‌లైన్ మాడ్యూల్ పూర్తిచేశాను, పది ప్రశ్నలకు పది సరైన జవాబులు నొక్కాను, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి, మా శిక్షణల లెక్క చూసే సీపీడీ పోర్టల్‌లోకి ఎక్కించాను. చివర్లో ఒక గడి ఉంది. "ఈ శిక్షణ వల్ల మీరు ఏం నేర్చుకున్నారు?" నిజమే రాశాను: "చేతులు కడుక్కోవాలని ముందే తెలుసు. ఇప్పుడూ తెలుసు."

మూడు రోజులకు తిరిగొచ్చింది. ఎర్ర అక్షరాల్లో: "ఆత్మపరిశీలనలో లోతు చాలలేదు. దయచేసి విస్తరించగలరు."

బోరు వేసేవాళ్లు కూడా నీళ్లు పడితే ఆపేస్తారు. వీళ్లు ఆపరు. అసలు సీపీడీ అంటే నిరంతర వృత్తి అభివృద్ధి. ఈ మూడు మాటల్లో నాకు అనుభవంలోకి వచ్చింది మొదటిది ఒక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సబ్బుతో సరిగ్గా చేతులు కడుక్కోవడానికి పట్టేది 40 నుంచి 60 సెకన్లు. ఆ కడుక్కోవడం గురించి 'లోతుగా' రాయడానికి నాకు రెండు గంటలు పట్టింది. ఎంత నింపాదిగా కడిగినా ఆ రెండు గంటల్లో 120 సార్లు కడుక్కోవచ్చు. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ మీద ఇంత శ్రద్ధ ఉన్నవాళ్లకు ఈ లెక్క ఎందుకు తట్టలేదో మరి.

నిబంధనల విషయానికి వస్తే, వాటిని తప్పుపట్టేంత దానిని కాను. బ్రిటన్‌లో నర్సులు మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలుపుకోవాలంటే 35 గంటల సీపీడీ చూపించాలి, అందులో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి, పైన అయిదు ఆత్మపరిశీలనలు రాయాలి. అంటే మూడేళ్లలో అయిదుసార్లు ఆలోచించాలి. ఆరోసారి ఆలోచన వస్తే ఏం చేయాలో ఎక్కడా రాయలేదు. మన దేశంలో డాక్టర్లకు 2002 నాటి నిబంధనలు చెప్పింది అయిదేళ్లకు 30 గంటలు. నెలకు సరిగ్గా అరగంట. ఆ అరగంటలో కూడా సగం దీపం వెలిగించడానికీ, శాలువాలు కప్పడానికీ పోతుందని తెలిసినవాళ్లకు తెలుసు. బ్రిటన్‌లోనే ఫిజియోథెరపిస్టులు, పారామెడిక్‌లు వగైరాల రికార్డులను చూసే మండలి నూటికి రెండున్నర మందిని ఏరి ఆడిట్ చేస్తుంది. ఆ అర మనిషి ఎవరా అని నేను చాలాసేపు ఆలోచించాను. సర్టిఫికెట్ ఎక్కించి, ఆత్మపరిశీలన గడి ఖాళీగా వదిలేసినవాడై ఉంటాడు.

ఇక విస్తరించమన్నాక పోర్టల్ నా ముందు పెట్టిన ఆరు గడుల సంగతి. 1988లో గ్రాహమ్ గిబ్స్ అనే విద్యావేత్త పాఠాలు చెప్పేవాళ్ల కోసం ఒక చక్రం గీశాడు. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది బాగోలేదు, ఎందుకలా, ఇంకేం చేసి ఉండొచ్చు, మళ్లీ వస్తే ఏం చేస్తావు. పాపం మంచి ప్రశ్నలే. ఏ ఇంట్లోనైనా తెలివిగల పెద్దావిడ బడి నుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లాణ్ణి అడిగే ప్రశ్నలే. అంతకు ముందే, 1983లో, డోనాల్డ్ షాన్ అనే తత్వవేత్త వృత్తి నిపుణులు పని చేస్తూ చేస్తూనే ఎలా ఆలోచిస్తారో వివరించాడు. చేతిలో పని ఉండగానే మనసు లెక్క మార్చుకుంటుందని ఆయన గమనించాడు. ఐవీ లైన్ పెడుతూ నరం దొరకక, వేలి కొసతో వెతికి, సూది కోణం మార్చుకునే ప్రతి సిస్టరుకూ ఆయన చెప్పింది అర్థమవుతుంది. ఆయన చెప్పినదాన్నీ ఈయన గీసినదాన్నీ కలిపి, ఒక్కో గడికి కనీసం 300 అక్షరాలని తాళం వేసి, ఇరవై నిమిషాల్లో సెషన్ ఆరిపోయేలా అమర్చినవారెవరో మాత్రం చరిత్రలో లేదు. వారు తమ పేరు దాచుకోవడంలో ఆత్మపరిశీలన కనిపిస్తోంది.

నాకు బాగా గిట్టనిది రెండో గడి. "ఆ సమయంలో మీకు ఏమనిపించింది?" తప్పనిసరి. చేతులు కడుక్కుంటుంటే ఏమనిపిస్తుందండీ? తడిగా అనిపిస్తుంది.

ఇదే గడిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే పాతకాలపు డాక్టరును కూర్చోబెడితే ఎలా ఉండేదో ఊహించుకుని ఒక నైట్ డ్యూటీ మొత్తం నవ్వుకున్నాను. 1847, వియన్నా. ఆ ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే విభాగంలో బాలింతలు జ్వరంతో చనిపోతున్నారు, మంత్రసానులు చూసే విభాగంలో అంత మంది పోవడం లేదు. అప్పుడే ఆయన స్నేహితుడొకడికి శవపరీక్షలో కత్తి గీరుకుని, అవే లక్షణాలతో ప్రాణం పోయింది. సెమ్మెల్‌వైస్‌కు దారుణంగా వెలిగింది: శవాల గది నుంచి నేరుగా కాన్పు గదికి వస్తున్న మా చేతులే.

సరే, ఆయన లాగిన్ అయ్యాడు. పాస్‌వర్డ్ గడువు ముగిసింది. మార్చుకున్నాడు. "కార్యక్రమం రకం ఎంచుకోండి": సదస్సు, వర్క్‌షాప్, ఆన్‌లైన్ కోర్సు, పత్రికా పఠనం, ఇతరం. స్నేహితుడి చావు 'ఇతరం' కిందికి వచ్చింది. "ఎన్ని గంటలు?" 'కొన్ని నెలలుగా నిద్ర లేదు' అని రాస్తే, అంకెలు మాత్రమే వాడమంది. "సర్టిఫికెట్ జతచేయండి." శవపరీక్ష నివేదిక పెట్టాడు. ఫైల్ సైజు ఎక్కువైంది. కుదించి పెట్టాడు. అందులో నిర్వాహకుల స్టాంపు లేదంది. "మీకు ఏమనిపించింది?" 'ఎంతమంది తల్లులను ఈ చేతులతో చంపానో లెక్క తెలియదు' అని రాశాడు. 300 అక్షరాలకు చాలా తక్కువ పడ్డాయి. మళ్లీ అదే వాక్యాన్ని ఇంకాస్త సాగదీసి రాశాడు. ఈలోగా సెషన్ ఆరిపోయింది.

రెండో రాత్రి మళ్లీ మొదటి నుంచి. ఈసారి చివరి గడిదాకా చేరాడు. "మీ కార్యాచరణ ప్రణాళిక?" 'కాన్పు గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోవాలి.' సబ్మిట్.

మూడు రోజులకు ఎర్ర అక్షరాలు. "డాక్టరు గారికి నమస్కారం. మీ కృషి అభినందనీయం. అయితే రెండో గడిలో వాడిన భాష వృత్తి మర్యాదకు తగినట్టుగా లేదు, కాస్త సానుకూలంగా మార్చగలరు. కార్యాచరణలో మీ వ్యక్తిగత లక్ష్యాలు మాత్రమే రాయాలి, ఇతరుల చేతులు మీ పరిధిలోకి రావు. ఉదాహరణకు: 'రాబోయే ఆరు నెలల్లో చేతుల పరిశుభ్రతపై ఒక వెబినార్‌కు హాజరవుతాను.' మంజూరైన క్రెడిట్లు: 0.5."

ఇంతకీ అసలు చరిత్రలో ఆయనేం చేశాడంటే, గిన్నెలో క్లోరిన్ నీళ్లు పెట్టించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది దాకా చనిపోయిన ఆ డాక్టర్ల విభాగంలో మరణాల లెక్క జూన్‌కల్లా నూటికి ఇద్దరి దగ్గరికి దిగింది. నిజాయితీగా చెప్పాలంటే ఆయన్ను తిప్పి పంపడానికి ఏ పోర్టలూ అవసరం రాలేదు, ఆ పని తోటి డాక్టర్లే చేశారు. రెండేళ్లకు ఉద్యోగం పోయింది. 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయాడు. ఈ కథ మా మాడ్యూల్ మొదటి స్లైడులో బొమ్మతో సహా ఉంది. కింద 'నెక్స్ట్' బటన్.

నా సంగతికి వస్తాను. తిరిగొచ్చిన ఎంట్రీని మళ్లీ రాశాను. "నీటి ధార కింద నా వేళ్లను చూస్తున్నప్పుడు, సంరక్షకురాలిగా నా పాత్రను కొత్త వెలుగులో చూడగలిగాను. మొదట కొంత ఆందోళన కలిగినా, క్రమంగా అది ఆత్మవిశ్వాసంగా మారింది" అని. ఆందోళన దేనికో నాకూ తెలియదు, నీళ్లు ఆగిపోతాయనేమో. పది నిమిషాల్లో ఆమోదించారు. పది నిమిషాల్లో! అంతటితో ఆగలేదు, దాన్ని 'ఆదర్శ నమూనా'గా అందరికీ పంపారు. వారం తిరిగేసరికి మా వార్డులో పద్నాలుగు మందికి అదే నీటి ధార కింద, అవే వేళ్లను చూస్తూ, అదే ఆందోళన కలిగి, అదే ఆత్మవిశ్వాసంగా మారింది. ఒకరు మగ నర్సు. 'సంరక్షకురాలిగా' అన్నది కూడా మార్చలేదు. ఆయనదీ ఆమోదించారు.

ఇప్పుడు ఆ కష్టం కూడా లేదనుకోండి, ఏఐని అడిగితే నా కంటే బాగా బాధపడి పెడుతోంది.

ఆపైన నక్షత్రాలు. శిక్షణకు ముందు మీ సామర్థ్యం అయిదింటికి ఎంత, తర్వాత ఎంత? ముందు మూడు, తర్వాత నాలుగు పెట్టాలన్నది అందరికీ తెలిసిన మర్యాద. ముందే అయిదు పెడితే పొగరు, తర్వాత తగ్గిస్తే రాద్ధాంతం. డాక్టర్లు తమకు తాము వేసుకున్న మార్కులనూ బయటివాళ్లు కొలిచిన సామర్థ్యాన్నీ పోల్చిన పరిశోధనలను 2006లో ఒకచోట చేర్చి చూశారు. 20 పోలికల్లో 13 చోట్ల రెండింటికీ పెద్దగా పొంతన లేదు, లేదా తలకిందులుగా ఉంది. అందరికంటే తప్పు లెక్క వేసుకున్నది బొత్తిగా పని రానివాళ్లూ, మహా ధీమా ఉన్నవాళ్లూనట. పోర్టల్‌కు మాత్రం మేము ఏటా ఒక నక్షత్రం చొప్పున ఎదుగుతూనే ఉన్నాం.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పాను. ఇక్కడి నుంచి నాకు నవ్వు రాదు.

ఒక రాత్రి మా వార్డులో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కాని అమ్మాయి యాంటీబయాటిక్ పొడి కలపడానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ తీసింది. ట్రేలో పక్క గడిలోనే పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్లు. అదే సైజు, అదే ప్లాస్టిక్, అదే రంగు నీళ్లు. మెడ విరిచి సిరంజిలోకి లాగింది కూడా. ఎందుకో మళ్లీ ఒకసారి లేబుల్ చూసింది. పలచన చేయకుండా నేరుగా నరంలోకి పోతే గుండె ఆగిపోయే మందు అది. సిరంజి అక్కడే వదిలేసి నా దగ్గరకొచ్చింది. "అక్కా, నేను..." అని ఆగిపోయింది. కూర్చోబెట్టాను. మంచినీళ్లిచ్చాను. ఏం జరిగిందో చెప్పింది, ఏమనిపించిందో చెప్పకుండానే కనిపించింది, ఎందుకలా జరిగిందో ఇద్దరం ట్రే దగ్గర నిలబడి చూశాం. ఇరవై ఆరు మంది రోగులకు ఇద్దరం. లైటు ఒకటి మాడిపోయింది. రెండు మందులూ పక్కపక్కన. చక్రంలోని ఆరు గడులూ ఇరవై నిమిషాల్లో పూర్తయ్యాయి, సెషన్ ఆరిపోకుండా.

"ఇది పోర్టల్‌లో రాయమంటావా అక్కా?" అని అడిగింది.

నేను వద్దన్నాను. పదిహేడేళ్ల సర్వీసున్న నేను, ఆ పిల్లకు నోరు మూసుకోమని చెప్పాను. ఎందుకంటే రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ట్రే గురించి ఎవరూ అడగరు. లైటు గురించి అడగరు. ఇద్దరే ఎందుకున్నారని అస్సలు అడగరు. "నీ ఏకాగ్రత పెంచుకోవడానికి ఏం చేస్తావు?" అని అడుగుతారు. 2018లో బ్రిటన్‌లో ఒక జూనియర్ డాక్టరు కేసులో, ఆమె రాసుకున్న ఆత్మపరిశీలననే ఆమె మీద వాడారన్న మాట డాక్టర్లందరికీ పాకింది. ఆమె పోర్ట్‌ఫోలియోను కోర్టు ముందు సాక్ష్యంగా పెట్టలేదని కేసుల్లో డాక్టర్లకు అండగా నిలిచే ఆమె తరఫు సంస్థే చెప్పింది. అయినా భయం పోలేదు. అక్కడి నియంత్రణ మండలి, విచారణల కోసం మీ నోట్సు మేము అడగబోమని మాటిచ్చింది. కోర్టు అడిగితే మాత్రం ఇవ్వక తప్పదు. మరి ఎవడు రాస్తాడు? తప్పు ఒప్పుకోమని గడి ఇచ్చి, ఒప్పుకున్నవాడి పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ పైనే అచ్చేసి, తర్వాత 'నిజాయితీ మా విలువ' అని పోస్టరు అంటిస్తే సరిపోయిందా? గాఢమైన పొటాషియాన్ని వార్డుల్లో అందుబాటులో ఉంచకండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. ట్రేలో ఆ డబ్బా జరపడానికి ఒక మనిషి, ఒక నిమిషం చాలు. దానికి దిక్కు లేదు. కానీ ఆ పిల్ల మనసు ఎన్ని అక్షరాల లోతుందో కొలవడానికి సాఫ్ట్‌వేర్ కొన్నారు. చేతులు కడుక్కోవడం మాకు ఏటా నేర్పి, చేతులు దులుపుకోవడం వాళ్లు నేర్చుకున్నారు.

ఆ నెల ఆ అమ్మాయి పోర్టల్‌లో రాసిన ఆత్మపరిశీలన 'సీనియర్లతో సంభాషణా నైపుణ్యం' గురించి. మూడు నక్షత్రాల నుంచి నాలుగుకు ఎదిగింది. నేనే చూసి పెట్టాను.

ఆంప్యూళ్ల సంగతి అంటారా, మా నైట్ డ్యూటీ ఆయమ్మ మా మాటలు విన్నట్టుంది. చదువు పెద్దగా లేదు, క్రెడిట్లు అసలే లేవు. తెల్లారేసరికి పొటాషియం డబ్బాను పై అరలోకి మార్చి, చుట్టూ ఎర్ర టేపు చుట్టి పెట్టింది. "ఎర్రది ముట్టకండమ్మా" అంది, అంతే.

పోయిన వారం తనిఖీ బృందం వస్తోందని వార్డంతా సర్దించారు. అనుమతి లేని టేపులు, స్టిక్కర్లు ఉండకూడదట. పీకేశారు. డబ్బా మళ్లీ పాత గడిలోకి వచ్చింది. తనిఖీ బాగా జరిగింది, దాన్నుంచి నేనేం నేర్చుకున్నానో ఈ శుక్రవారంలోగా రాసి ఎక్కించాలి. కనీసం 300 అక్షరాలు.