నాలుగు డాలర్ల కక్కుర్తి

నేరపరిశోధకులు ఇంతవరకూ సరిగా వాడుకోని ఆయుధం ఒకటుంది: టీవీ రిమోట్ మీది పాజ్ బటన్. హాల్లో హత్య జరిగితే కెవ్వుమంటాం, పక్కవాడి మీద పాప్‌కార్న్ పోస్తాం, అంతే. ఇంట్లో అయితే గొడ్డలిని గాలిలోనే నిలబెట్టి తీరిగ్గా కాలిక్యులేటర్ తీయవచ్చు. అమెరికా దర్శకులు కోయెన్ సోదరులు 1996లో తెచ్చిన ‘ఫార్గో’ను బెంగళూరు తెలుగు గృహస్థులందరూ ఇంట్లోనే చూడాలని నేను సిఫారసు చేస్తున్నది అందుకే. రెండు ఆస్కార్లు పుచ్చుకున్న ఈ చిత్రాన్ని లోకం డార్క్ కామెడీ అంటుంది. లోకానికి కామర్స్ రాదు. ఇది ఆద్యంతం ఒక పద్దుల పుస్తకం. మధ్యలో ఏడుగురు చచ్చిపోతారు.

పద్దు ఇలా మొదలవుతుంది. మామగారి కార్ల షోరూములో పనిచేసే జెర్రీ అనే అల్లుడు, లేని కార్లను ఉన్నట్టు చూపించి 3,20,000 డాలర్ల అప్పు తెచ్చాడు. దాన్ని పూడ్చడానికి కట్టుకున్న భార్యనే కిడ్నాప్ చేయించి, ఆ సొమ్ము మామగారి చేత కట్టించాలని పథకం వేశాడు. కిరాయి దుండగులు ఇద్దరికీ చెప్పిన మొత్తం 80,000. అందులో సగం వాళ్లది, పైగా ఒక కొత్త కారు. మామగారికి చెప్పింది పది లక్షలు. అంతా సవ్యంగా జరిగితే అల్లుడి జేబులోకి 9,60,000. పిల్లాడు పెద్దవాడయ్యాక కూడా ఇంత కట్నం లాగగల అల్లుడు మన గోదావరి జిల్లాల్లోనే అరుదు.

ఇవి పెద్ద అంకెలు. పెద్ద అంకెల జోలికి పోయినందుకు ఈ సినిమాలో ఎవరూ పెద్దగా కంగారుపడరు. ప్రాణాలు తీసేవి చిల్లర అంకెలు. షోరూము దృశ్యం దగ్గర ఆపి చూడండి. కొనేవాడు వద్దన్నా జెర్రీ అతని కారుకు తుప్పు పట్టకుండా ఏదో పూత పూయించాడు, బిల్లులో కలిపాడు. కొనేవాడు మండిపడ్డాడు. జెర్రీ ‘పై అధికారిని అడిగి వస్తా’నని లోపలికి వెళ్లి, కాసేపు ఊరికే నిలబడి, తిరిగొచ్చి వంద డాలర్లు తగ్గిస్తామన్నాడు. అమెరికా విమర్శకులు దీన్ని అక్కడి మధ్యతరగతి పతనమని రాసుకున్నారు. మారతహళ్లిలో కారు కొన్న ఏ తెలుగువాడిని అడిగినా ఇది డాక్యుమెంటరీ అని చెబుతాడు. మనకు దాని పేరు టెఫ్లాన్ కోటింగ్.

ఇక పార్కింగ్. కార్ల్ అనే దుండగుడు నంబర్ ప్లేటు దొంగిలించడానికి విమానాశ్రయం పార్కింగులోకి వెళతాడు. పని చూసుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర కుర్రాడు నాలుగు డాలర్లు అడుగుతాడు. అప్పటికి కార్ల్ ఖాతాలో ఒక కిడ్నాప్ ఉంది, హత్యల్లో వాటా ఉంది. వాటికి అతని మనస్సాక్షి పల్లెత్తు మాట అనలేదు. కానీ తను బండి ఆపనే లేదు కదా, నాలుగు డాలర్లు ఎందుకివ్వాలి? ఆ అన్యాయానికి అతని రక్తం ఉడుకుతుంది, కుర్రాడికి ఓ ఉపన్యాసం దంచుతాడు.

ఈ దృశ్యంలో మాకు దుండగుడు కనిపించడు. ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సు కిమ్మనకుండా కట్టి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసుకున్నా నవ్వుతూ తాళాలిచ్చి, ఆ సాయంత్రమే మాల్ పార్కింగులో ముప్పై రూపాయలకు రశీదు ఏదని నిలదీసే పౌరుడు కనిపిస్తాడు. ఆయన కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మా పైఫ్లాటే.

అసలు పద్దు చివర్లో ఉంది. పది లక్షలున్న పెట్టె కార్ల్ చేతికి చిక్కింది. జోడీదారుకు తెలిసింది 80,000 మాత్రమే కాబట్టి అంతవరకు తీసుకుని, 9,20,000 మంచులో ఒక కంచె పక్కన పాతిపెట్టి, కారు అద్దం మీది మంచు గీకే పుల్లను గుర్తుగా గుచ్చాడు. కంచె ఇటు చూసినా అటు చూసినా ఒక్కలాగే ఉంటుంది. ఆ సంగతి పక్కన పెడదాం. ఇక బసకు వెళ్లి భాగం పంచేసి వచ్చేస్తే చాలు. అక్కడ జోడీదారు, జెర్రీ ఇచ్చిన కారు విలువలో సగం ఇమ్మన్నాడు. తొమ్మిది లక్షల పైచిలుకు దాచుకున్న మనిషి, ఊళ్లు తిప్పి నలగ్గొట్టిన ఆ కారులో సగం ఇవ్వనన్నాడు. న్యాయం తనవైపే ఉందన్నాడు. గొడ్డలి లేచింది. తర్వాత చెట్ల కొమ్మల్ని ముక్కలు చేసే యంత్రంలోకి కార్ల్‌ను తోస్తున్నప్పుడు ఒక కాలు బయటే మిగిలింది. ఆడిటర్లు దీన్ని సర్దుబాటు కాని నిల్వ అంటారు.

హోమ్ వీడియో చరిత్ర కూడా ఈ సంప్రదాయంలోనే నడిచింది. 1996 అక్టోబర్ 1న వచ్చిన మొదటి క్యాసెట్‌లో, చదరపు టీవీలో పట్టడం కోసం తెర రెండు పక్కలా నరికేశారు. ఎనిమిదో హత్య అదే, కేసు నమోదు కాలేదు. ఆ తర్వాత అంచులు నరకని క్యాసెట్‌ను సేకరణప్రియుల కోసం అమ్ముతూ, తోడుగా ఒక గాజుగోళం ఇచ్చారు. లోపల ఆ యంత్రం దృశ్యం. కుదిపితే తెల్లటి మంచుతోపాటు ‘నెత్తురు’ కూడా ఎగురుతుంది. దసరా బొమ్మల కొలువులో మైసూరు రాజారాణి బొమ్మల పక్కన పెట్టడానికి ఇంత చక్కటి వస్తువు ఇంకొకటి లేదు. సినిమాలో వాడిన అసలు యంత్రాన్ని ఫార్గో నగరంలో సందర్శకుల కేంద్రంలో పెట్టారు. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

ఇంట్లో చూడటం వల్ల ఇంకో నిజం బయటపడింది. మొదట్లో తెర మీద ఇది 1987లో మిన్నెసోటాలో జరిగిన నిజమైన కథ అని రాసి ఉంటుంది. చివరి పేర్ల వరుసలో అంతా కల్పితమని చిన్న అక్షరాల్లో ఉంటుంది. హాల్లో అప్పటికి అందరూ బండి తాళాలు వెతుక్కుంటూ ఉంటారు. శివార్లలో ఫ్లాటు కొని బ్రోచర్ చివరి పేజీ తర్వాత చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.

మనం ఈ సినిమాకు ఎంత కట్టామన్నది కూడా చూడాలి. బెంగళూరు మెజెస్టిక్ దగ్గర నేషనల్ మార్కెట్‌లో దొంగ డిస్కుల కాలం ఒకటి నడిచింది. డిస్కుల కంపెనీ మోసర్ బేర్ వాళ్లు సినిమా వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు దించినప్పుడు కూడా ‘రెండు తీసుకుంటే ఎంతకిస్తావు’ అని అడిగిన జాతి మనది. ఇప్పుడు డిస్కులు పోయాయి, పాస్‌వర్డ్‌లు వచ్చాయి. ఖాతా నెల్లూరులో బావగారిది, చూసేది మేము, వైజాగ్‌లో పిన్నిగారు, మదనపల్లెలో తోడల్లుడు. సరిగ్గా గొడ్డలి లేచే వేళకు ఇది మీ ఇల్లేనా అని టీవీ అడుగుతుంది. రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేయాలి. ‘బావగారూ, ఏమీ అనుకోకండి, నాలుగంకెల కోడ్ వచ్చి ఉంటుంది, త్వరగా చెప్పండి. ఇక్కడ గొడ్డలి ఎత్తి ఉంచాడు.’

ఈ సినిమాలో చిల్లర లెక్క తెలిసిన ఇల్లు ఒక్కటే. కేసు ఛేదించే పోలీసు అధికారి మార్జ్ ఏడు నెలల గర్భిణి. ఆమె భర్త వేసిన బాతు బొమ్మను తపాలాబిళ్ల మీద అచ్చు వేయడానికి ఎంపిక చేశారు, అయితే మూడు సెంట్ల బిళ్ల మీద. ఇరవై తొమ్మిది సెంట్లది ఇంకొకరికి పోయింది. అతను చిన్నబుచ్చుకుంటే ఆమె సర్దిచెబుతుంది: తపాలా రేటు పెరిగినప్పుడు పాత బిళ్లలకు జోడించడానికి అందరికీ చిన్న బిళ్లలే కావాలి కదా అని. మంచం మీద, దుప్పట్లో. ఎవరూ వాటా అడగరు.

దీన్ని మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో ప్రదర్శించాలని నేను సంఘానికి లిఖితపూర్వకంగా ప్రతిపాదించాను. సభ్యులందరూ హర్షధ్వానాలతో ఆమోదించారు. ప్రొజెక్టర్ అద్దెను ఫ్లాటుకింత అని పంచాలా, చదరపు అడుగుల లెక్కన పంచాలా అన్నది తేలక ప్రదర్శన వాయిదా పడింది. మూడు పడకగదులవాళ్లు ఒకవైపు, రెండు పడకగదులవాళ్లు మరోవైపు చీలిపోయారు. మా పైఫ్లాటాయన తను సినిమాకు రావడమే లేదు కాబట్టి ఒక్క పైసా ఇవ్వనంటున్నాడు.